మా వూరి అరుగు: నాలుగు తీగెల గొడవ

పోయిన సంక్రాంతికి మా తమ్ముడి కొడుకు వూరికి వచ్చాడు. వాడు ఏటా వచ్చేవాడే, అందులో విశేషం లేదు. ఈసారి వాడి వీపున మనిషి భుజం దాకా వచ్చే నల్లసంచీ వొకటి కూడా వచ్చింది. అదీ విశేషం. నెల్లూరులో రైలు దిగి, బస్సెక్కి, పెన్న దాటి, కోవూరు దాటి, కొడవలూరు చేరేలోపల ఆ సంచీలో ఏముందని తొమ్మిదిమంది అడిగారట. "తుపాకీనా అబ్బయ్యా?" అని బస్సులో ఒక పెద్దాయన చెవి దగ్గరకు వచ్చి మరీ అడిగి, కాదని తెలిసి కొంచెం నిరుత్సాహపడ్డాడట కూడాను.

ఇంటికి వచ్చి సంచీ విప్పాడు. గిటారు. కాని మనం సినిమాల్లో చూచే గిటారు కాదు. మెడ మరీ పొడుగు. తీగెలు మరీ లావు. అవీ నాలుగే.

మా ఆవిడ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చింది. "వీణకు ఏడు తీగెలు గదరా! పెద్దదని డబ్బు ఎక్కువ తీసుకొని, తీగెలు మూడు తగ్గించి యిచ్చారా?" అన్నది.

"పెద్దమ్మా, దీన్ని బేస్ గిటారంటారు. దీనికి నాలుగే" అన్నాడు వాడు.

అక్కడ మొదలైన గొడవ మా యింట్లో మూడు రోజుల పండుగనూ మింగేసింది. ఆ కథ చెబుదామనే ఈ వారం అరుగెక్కాను.

మావాడు చెన్నపట్నంలో ఒక రాక్ బృందంలో పన్నెండేళ్ళుగా ఈ వాద్యం వాయిస్తున్నాడు. రాక్ సంగీతం ఎట్లా వుంటుందో తెలియనివారికి ఒక్కమాట. డ్రమ్ములూ, గిటార్లూ, వాటిని మించి అరవగల గొంతుకా కలిస్తే రాక్. పాడే కుర్రాడు ముందు నిలబడతాడు. దీపాలన్నీ అతని మీదే పడతాయి. బేస్ వాయించేవాడు వెనక, డ్రమ్ముల పక్కన, చీకట్లో వుంటాడు. మావాడి కచేరీ ఫోటోలు మా మరదలు ఎన్ని చూపినా నాకు వాడు సగమే కనబడేవాడు. మిగతా సగం పాటగాడి భుజం వెనక.

ఇప్పుడు వాడు తన పేరుతో ఒక ఆల్బం చేశాడు. మొట్టమొదటిది. అందులో పాటగాడు లేడు. పాటలోని మాటలూ లేవు. ఎనిమిది ముక్కల సంగీతం. ఎనిమిదింటిలోనూ ముందు నిలబడి మాట్లాడేవి ఆ నాలుగు తీగెలే. రెండేళ్ళు రాత్రుళ్ళు కూర్చొని చేశాడట. ఇల్లు కొనుక్కుందామని దాచుకొన్న సొమ్ములో కొంత దీనికి పెట్టాడట. ఈ చివరి సంగతి మా తమ్ముడికి భోగినాడు పొద్దున్నే, మంట దగ్గర తెలిసింది. ఇక మంట రెండు చోట్ల మండింది.

"పాట లేని పాట ఎవడు వింటాడురా?" అన్నాడు మా తమ్ముడు. "పెళ్ళికి సన్నాయి వాయించేవాడు రాకుండా శ్రుతి పట్టేవాడు ఒక్కడే వచ్చి కూర్చున్నట్టుంది నీ యవ్వారం!"

ఉపమానం బాగుందని నేను నవ్వాను. నవ్వకుండా వుండవలసింది. ఇద్దరూ నావైపు తిరిగారు. వారం వారం పత్రికలో వ్రాస్తాను గనక నాకు అన్నీ తెలుసునని మా యింట్లో ఒక భ్రమ వుంది. దాన్ని నేనూ ఎన్నడూ చెరపలేదు. "పెదనాయన విని చెప్పనీ" అన్నాడు వాడు. "సరే, అన్న చెప్పనీ" అన్నాడు వీడు.

వాడు సెల్‌ఫోను తీసి మొదటి ముక్క పెట్టాడు. నేను చెవి దగ్గర పెట్టుకొన్నాను. ఏదో డప్పు చప్పుడు సన్నగా వినబడింది. దానికింద కీచుమని ఏదో. ఒక నిమిషం ఓపికపట్టి, "ఏదిరా నీ వాద్యం? ఇంకా మొదలు కాలేదా?" అన్నాను.

మా తమ్ముడు విజయగర్వంతో నా వంక చూచాడు.

వాడికి మాత్రం కోపం రాలేదు. "అదే పెదనాయనా చిక్కు" అన్నాడు. ఆ చిక్కేమిటో విన్నాక నాకే సిగ్గు వేసింది. ఈ గిటారు అన్నింటికన్న లావు తీగె సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటారులో అదే స్వరానికి మీటే లావుతీగె దానికి రెట్టింపు, 82 సార్లు. మన చెవి 20 దాకా దిగి వినగలదు గనక 41 వినడానికి మనకేమీ అడ్డు లేదు. అడ్డంతా పెట్టెది. అంత నెమ్మది కంపనం పుట్టాలంటే స్పీకరు చాలా గాలిని ముందుకూ వెనక్కూ నెట్టాలి. వేలిగోరంత స్పీకరు ఎంత గాలిని నెడుతుంది? అందుకని ఫోనులో ఈ వాద్యం నీడ మాత్రమే వినబడుతుంది, మనిషి వినబడడు.

అప్పుడు నాకు మా చిన్నప్పటి ట్రాన్సిస్టరు గుర్తుకు వచ్చింది. అదీ అరచెయ్యంత పెట్టే. ఆ తర్వాత రోజుల్లో ఇళయరాజాగారి పాటలు, మన నెల్లూరివాడు బాలసుబ్రహ్మణ్యంగారు పాడినవి, దాన్ని చెవికి ఆనించుకొని ఎన్ని వందలసార్లు విన్నానో! ఆ పాటల్లో గొంతు కింద బేస్ గిటారు వేరే ఒక రాగం మాదిరి నడుస్తూ వుంటుందని మావాడు అంటాడు. వాడు ఈ వాద్యం పట్టిందే ఆ పాటలు మంచి పెట్టెలో విన్న తర్వాతనట. అంటే నేను ఇన్నాళ్ళూ ఆ పాటలు సగమే విన్నానన్నమాట. తలుపుసందులోనుంచి పెళ్ళి చూచినట్టు.

సాయంత్రానికి వాడు షామియానాల అంగడతన్ని అడిగి బీరువా అంత స్పీకరు ఒకటి తెచ్చి వసారాలో దించాడు. మళ్ళీ అదే ముక్క పెట్టాడు. ఈసారి ముందు నా చెవికి కాదు, కాళ్ళకు వినబడింది. నేల సన్నగా వణికింది. వంటింటి అలమరలో మా ఆవిడ పుట్టింటివారు పెట్టిన ఇత్తడి చెంబు ఒకటి వుంది. అది గణగణమని తానూ అందుకొంది. "ఏందిది, భూకంపమా?" అంటూ మా ఆవిడ బయటికి వచ్చింది.

భూకంపం కాదు. రాగం. దిగువన, బావిలోనుంచి ఎవరో పెద్దమనిషి నిదానంగా మాట్లాడుతున్నట్టు.

ఈ వాద్యం పుట్టుక కథ మావాడు చెప్పగా కొంత, నేను చదివి కొంత తెలుసుకొన్నాను. పూర్వం పాశ్చాత్యుల మేళాల్లో ఈ దిగువ స్వరాలకు మనిషికన్న ఎత్తైన ఫిడేలు వుండేది. డబుల్ బేస్ అంటారు. నిలబెట్టి వాయించాలి. దాన్ని మోసుకుపోవడం ఒక శిక్ష. బాకాలూ డ్రమ్ములూ పెరిగేసరికి పాపం దాని గొంతు వినబడకుండా పోయింది. 1951లో అమెరికాలో, కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన దాన్ని కుదించి, గిటారు ఆకారం చేసి, కరెంటు పెట్టి, మెడకు మెట్లు బిగించి అమ్మకానికి పెట్టాడు. మన వీణకు వున్నట్టే మెట్లు. మెట్టు వుంటే వేలు తడబడినా స్వరం తడబడదు. అందుకే దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టాడు. తమాషా ఏమంటే ఈ ఫెండర్‌గారు రేడియోలు బాగుచేసే మనిషి. ఆయనకు గిటారు వాయించడం రాదు. వడ్డించేవాడికి వంటరుచి తెలియనక్కరలేదు కాబోలు.

సరిగ్గా ఆ 1951లోనే పుట్టినవాడు జాకో పాస్టోరియస్. ఇతనిది రాక్ కాదు, జాజ్ అనే సంగీతం. అయినా ఈ వాద్యం పట్టినవాళ్ళందరూ ఇతని పేరు చెప్పినప్పుడు కొంచెం గొంతు తగ్గిస్తారు. ఇతను ఏం చేశాడంటే, ఫెండర్ అంత కష్టపడి బిగించిన మెట్లు పీకేశాడు! ఆ సందులు పూడ్చి, పడవలకు పూసే లక్క వంటి పూత పైన పూశాడు. ఇక వేలు ఎక్కడ ఆగితే అక్కడే స్వరం. జారుడు, వూపు, కంపితం అన్నీ వచ్చాయి. గమకాలు తెలిసిన మనకు ఇందులో గొప్ప వింత లేదుగాని, వాళ్ళకు అది పెద్ద వింత. 1976లో తన పేరుతో మొదటి ఆల్బం వేశాడు. అందులో మొదటి ముక్కలో ఇతని బేసూ, పక్కన చేత్తో వాయించే కాంగా డ్రమ్ములూ, అంతే, ఇంకెవ్వరూ లేరు. ఆల్బం పెట్టినవాడికి మొట్టమొదట వినబడేది వెనకవాడి గొంతే. పాపం, 1987లో 35 ఏళ్ళకే పోయాడు.

రాక్‌వాళ్ళలో ఇటువంటి పని అంతకుముందే మొదలైంది. ది హూ అనే ఇంగ్లీషు బృందంలో బేస్ వాయించిన జాన్ ఎంట్విజిల్ 1971లో సొంత ఆల్బం తెచ్చాడు. కాని అందులో పాటలున్నాయి, తానే పాడాడు. సగం ఏరు దాటాడన్నమాట. మావాడి గురిమాత్రం స్టూవర్ట్ హామ్ మీద. ఈయన స్టీవ్ వాయ్, జో సాట్రియానీ అనే పేరుమోసిన గిటారు విద్వాంసుల వెనక నిలబడి వాయించినవాడు. 1988లో మొదటి సొంత ఆల్బం చేశాడు, మాటల్లేనిది. దాని పేరు "రేడియో ఫ్రీ ఆల్బమత్". అది ఒక నవల పేరు, ఫిలిప్ కె. డిక్ వ్రాసింది. సీరియల్ కోసం గురువారం నుంచే పోస్టుమాన్ దారి చూచే మన పాఠకులకు ఆ అభిమానం అర్థమవుతుంది. అందులో ఈయన బీథోవెన్ పియానోకు వ్రాసిన వెన్నెల సొనాటాను ఒక్క బేస్ గిటారు మీద వాయించాడు. రెండు చేతులతోనూ తీగెల మీద పియానో మెట్లు నొక్కినట్టు నొక్కుతూ. మావాడు నాకది వినిపించాడు. నిజం చెబుతున్నాను, ఆ లావుతీగెల్లో అంత సన్నని దుఃఖం వుంటుందని నేననుకోలేదు.

మా తమ్ముడు అంతా విన్నాడు. విని, "అన్నా, వాళ్ళంతా అమెరికావాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ. అక్కడ రాయిని మోగించినా టిక్కెట్టు కొంటారు. మనవాళ్ళల్లో వెనక కూర్చున్నవాడు ముందుకొచ్చి బాగుపడింది యాడుంది చెప్పు?" అన్నాడు.

ఈ ప్రశ్నకోసమే నేను కాచుకొని వున్నాను. "ఫిడేలు నాయుడుగారు" అన్నాను.

ద్వారం వెంకటస్వామినాయుడుగారి పేరు మా యింట్లో కొత్త కాదు. మా నాయన ఫిడేలు వాయించేవాడు. నేను పుట్టకముందు ఒకసారి మద్రాసు పోయి నాయుడుగారి కచేరీ విని వచ్చాడు. ఆ ముచ్చట మాకు అన్నంలో నెయ్యిలాగా రోజూ కొంచెం పడుతూ వుండేది.

ఫిడేలు మన వాద్యం కాదు గదా. తెల్లవాళ్ళతో వచ్చింది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1858) మద్రాసులో దాన్ని నేర్చి మన సంగీతానికి అలవాటు చేశారు. అటు తర్వాత నూరేళ్ళకు పైబడి దాని స్థానం గాయకుడి పక్కనే. గాయకుడు ఒక సంగతి వేస్తాడు, ఫిడేలు నీడలాగా వెంట పోతుంది. రాగం ఆయన పాడి ఆపితే ఈయనకు కొంచెంసేపు ఇస్తారు. భోజనంలో చివరి మజ్జిగలాగా. గాయకుడు ఏ దారిన పోతాడో ముందు తెలియదు. తెలియకుండానే వెంటపోవాలి. తప్పటడుగు వేస్తే అది గాయకుడిదైనా నీడదే తప్పు.

నాయుడుగారు 1893లో బెంగుళూరులో పుట్టారు, పెరిగింది విశాఖపట్నం. చూపు చిన్నతనంనుంచీ మందం. అన్నగారి దగ్గరే ఫిడేలు నేర్చుకొన్నారు. 1919లో విజయనగరంలో మహారాజావారు సంగీత కళాశాల పెట్టి, హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షులుగా వుంచారు. విద్యార్థిగా చేరదామని పోయిన నాయుడుగారి వాయింపు విని, నీకు నేర్పేదేమిటి, నీవే నేర్పు అని ఆచార్యపదవి యిచ్చారని చెబుతారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్ళు. 1936లో నారాయణదాసుగారి తర్వాత ఆ కళాశాలకు ఆయనే అధ్యక్షులు. ఇంతటివారు కూడా సభల్లో కూర్చున్నది గాయకుల పక్కనే, ఎన్నో ఏళ్ళు.

1938లో వెల్లూరులో ఆయన ఒక్కరే ముందు కూర్చున్నారు. గాయకుడు లేడు. ఫిడేలే గాయకుడు. ఫిడేలుతో పూర్తి కచేరీ ఒక్కరే చేయడం అదే మొదలని చెబుతారు. ఆ సాయంత్రం వచ్చినవారు ఏమనుకొని వచ్చారో! "పాడేవారు రాలేదా?" అని ఎవరో ఒకరు పక్కవాణ్ణి అడిగే వుంటారని నా వూహ.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు. 1941లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి. 1957లో పద్మశ్రీ. 1952లో మన దేశం వచ్చిన యెహూదీ మెనూహిన్ అంతటి ఫిడేలు చక్రవర్తి ఆయన వాయింపు విని ముగ్ధుడయ్యాడు. 1964 నవంబరులో ఆయన పోయారు. 1993లో శతజయంతికి తపాలాబిళ్ళ వేశారు. వెనకవరస మనిషికి బిళ్ళ!

మా నాయన చెప్పేది ఈ బిరుదుల సంగతి కాదు. (తపాలాబిళ్ళనాటికి ఆయన లేడు కూడా.) ఆయన చెప్పింది కమాను సంగతి. నాయుడుగారి ఫిడేలు కీర్తన వాయిస్తే అందులో అక్షరాలు వినబడేవట. మాట ఎక్కడ విరుగుతుందో కమాను అక్కడ తిరిగేది. దీర్ఘం వున్నచోట కమాను కూడా దీర్ఘం. అంటే ఏళ్ళ తరబడి గాయకుల పక్కన కూర్చొని వాళ్ళ నోరు చూచి, వూపిరి విని నేర్చుకొన్నదంతా ఆయన వదిలి రాలేదు, వెంట తెచ్చుకొన్నారు. ముందుకొచ్చి నేనూ వున్నానని కేకలు వేయలేదు. ఆయన వాయింపు గట్టిది కాదట, మెత్తనిదట. జనమే చెవులు ముందుకు చాచుకోవలసి వచ్చింది.

మృదంగాన్ని ముందుకు తెచ్చి ఒక్కదానితోనే కచేరీలు చేసిన యెల్లా వెంకటేశ్వరరావుగారిని కూడా మా తమ్ముడికి గుర్తు చేశాను. తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచే దేశంలో అది మాటలా?

"అదే నేననేది!" అన్నాడు మా తమ్ముడు. "కాఫీకి లేచే దేశమే గదా మనది? నాయన సంగతి మరిచిపోయావా?"

అప్పుడు తెలిసింది నాకు, వాడి కోపం సొమ్ముగురించి కాదని.

1968 శ్రీరామనవమి. మా వూరి రామాలయం ముందు తాటాకు పందిరి. హరికథ. నాయన ఎప్పటిలాగే దాసుగారి పక్కన ఫిడేలు. నాకు 15 ఏళ్ళు, తమ్ముడికి తొమ్మిది. చాప మీద ముందువరసలో కూర్చున్నాం. కథ మధ్యలో దాసుగారికి గొంతు పట్టుకొంది. మిరియాల కషాయం తాగి వస్తాను, అందాకా కాస్త నడిపించండి అని నాయనతో చెప్పి లోపలికి పోయారు. నాయన ఒక నిమిషం అట్లాగే కూర్చున్నాడు. తర్వాత కళ్ళు మూసుకొని కల్యాణి అందుకొన్నాడు.

జనం అది కథ కాదు గనక విరామం అనుకొన్నారు. ఒకరు లేచారు, పదిమంది లేచారు. పానకం బిందె దగ్గర వరస కట్టారు. పిల్లకాయలు పందిట్లో పరుగులు పెట్టారు. నాయన కళ్ళు మూసుకొనే వున్నాడు. అరగంటో ఎంతో వాయించాడు. కళ్ళు తెరిచేసరికి పందిట్లో మేమిద్దరం, గుంజకు జారగిలపడి కునుకుతున్న ఒక ముసలామె. అంతే. నాయన ఏమీ అనలేదు. గుడ్డతో తీగెలు తుడిచాడు, కమాను సడలించాడు. దాసుగారు వచ్చారు, జనమూ వచ్చారు, మళ్ళీ బిగించి పక్కన వాయించాడు. ఆ తర్వాత పదహారేళ్ళు బతికాడుగాని పదిమందిలో ఒంటరిగా ఎప్పుడూ వాయించలేదు.

"ఆ ఖాళీ చాపలు నాకింకా కనబడతానే ఉండాయి అన్నా" అన్నాడు తమ్ముడు. "వీడికి అట్టాంటిది వద్దు. వెనక వుంటే ఏం? అన్నం దొరుకుతుంది, మర్యాద దక్కుతుంది. ముందుకొచ్చి ఖాళీ చాపలకు వాయించడం ఎందుకు?"

పిల్లవాడు తల వంచుకొని గిటారు మెడ తుడుస్తున్నాడు. తాతది ఈ కథ వాడికి తెలియదు. మేమిద్దరం ఎప్పుడూ చెప్పలేదు.

నాకు మాత్రం ఆ రాత్రిది ఇంకొక ముక్క తెలుసు. ఆ సంగతి నాయనే నాకు చాలా ఏళ్ళకు, నెల్లూరు ఆస్పత్రిలో పడుకొని వున్నప్పుడు చెప్పాడు. హరికథ అయ్యి అందరూ వెళ్ళిపోయేటప్పుడు ఆ ముసలామె నాయన దగ్గరకు వచ్చిందట. "ఏం నాయనా, నడమ అంత బాగా వాయిస్తా వాయిస్తా ఆపేశావేంది? కళ్ళు మూసుకుంటే మా ఆయన పొలంనుంచి వస్తా కూనిరాగం తీసినట్టే వుండింది" అన్నదట. కునుకుతున్నదని మేమనుకొన్నాం.

ఈ సంగతి చెప్పాను. మా తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒక్క ముసలమ్మ" అన్నాడు.

"ఒక్కతే" అన్నాను. దానికి నా దగ్గర ఇంకొక జవాబు లేదు. అబద్ధం ఆడలేనుగదా.

కనుమునాడు పగలంతా నేనూ వాడూ కూర్చొని ఎనిమిది ముక్కలూ వరసగా విన్నాం. పైన పైరు పచ్చగా కాలవ దాకా, వసారాలో షామియానా పెట్టె, మధ్య మేమిద్దరం. ముందే చెప్పాను వాడికి, పెదనాయనగా కాదు, చందా కట్టిన శ్రోతగా వింటానని.

విని నా అభిప్రాయం చెప్పాను. ఎనిమిదింటిలో రెండు నాకు నచ్చలేదు. వాటిలో వాడి వేళ్ళు పరుగెత్తుతున్నాయి, అంతే. పన్నెండేళ్ళు చీకట్లో నిలబడ్డ కోపమంతా ఆ రెండింటిలో తీర్చుకొన్నట్టుంది. "చూడండి, నాకూ వచ్చు" అన్నట్టు. అటువంటివి వాయించేవాడికే సంబరం, వినేవాడు పానకానికి లేస్తాడు. తక్కిన ఆరూ బాగున్నాయి. వాటిలో నాలుగోది మరీను. ఆ ముక్కలో వాడు చాలాసేపు ఒకే దిగువస్వరం తంబురాలాగా పట్టుకొని వుంటాడు. ఆ తర్వాత దానిమీద ఇంకొక రాగం మెల్లిగా లేస్తుంది, అదీ అదే గిటారుతోనే. తన వెనక తానే నిలబడి, తన ముందు తానే నిలబడ్డాడన్నమాట.

వాడి మొహం చిన్నబోయింది. రెండు తీసెయ్యమన్నందుకు. "ఆ రెంటికే ఆరునెలలు పట్టింది పెదనాయనా" అన్నాడు. పట్టే వుంటుంది. పరుగు నేర్చుకోవడానికి ఎక్కువ కాలమే పడుతుంది. సాయంత్రానికి ఒకటి తీసేస్తానన్నాడు, ఒకటి వుంచుతానన్నాడు. వాడి ఆల్బం, వాడి యిష్టం. నేను పట్టుపట్టలేదు.

అడగవలసింది ఇంకొకటి అడిగాను. "మరి మీ బృందమో?"

"నేను మానను పెదనాయనా. వాళ్ళ వెనక వాయించడం కూడా నాకిష్టమే" అన్నాడు. ఆ మాట మా తమ్ముడు అరుగుమీద నుంచి విన్నాడు. వినబడనట్టు వక్క కత్తిరించుకొంటూ కూర్చున్నాడు. ఇల్లు కొనే సొమ్ము సంగతి మాత్రం తేలలేదు. అది తండ్రీకొడుకుల లెక్క, నేను వేలు పెట్టలేదు. మా మరదలు మాత్రం "రెండు గదులు తక్కువైతే తక్కువాయె, నాకేం పన్నెండుమంది కోడళ్ళా?" అన్నది.

1986లో ఇళయరాజాగారు "హౌ టు నేమ్ ఇట్" అని పాటల్లేని కాసెట్టు ఒకటి వేశారు. త్యాగరాజస్వామికీ బాఖ్‌కీ ముడిపెట్టిన వాద్యసంగీతం. అది మా యింట్లో వుండేది, తెచ్చింది ఎవరో కాదు, మా తమ్ముడే. రాత్రిపూట వాడీ నేనూ మేడమీద పడుకొని వినేవాళ్ళం. "పాట లేని పాట ఎవడు వింటాడు" అన్న మనిషికి ఆ కాసెట్టు గుర్తుచేద్దామని నాలుకచివరిదాకా వచ్చింది. పండుగ గదా అని మింగేశాను. ఇక్కడ వ్రాస్తున్నాను గనక చదువుతాడు.

వాడు మళ్ళీ చెన్నై బయల్దేరే ముందురోజు రాత్రి. భోజనాలయ్యాక షామియానా పెట్టె తిరిగి యిచ్చెయ్యాలి గదా అని వాడు దాన్ని సర్దబోతున్నాడు. "ఆ నాలుగోది ఇంకొకసారి పెట్టరా, అంగడతను రేపు పొద్దున గదా అడిగేది" అన్నాను. పెట్టాడు. వసారాలో దీపం ఆర్పేశాం. ఆ దిగువస్వరం మొదలైంది. నేల వణికింది. ఎప్పటిలాగే లోపల చెంబు అందుకొంది. మా తమ్ముడు వాలుకుర్చీలో కళ్ళు మూసుకొని వున్నాడు. నిద్రపోయాడనుకొన్నాను. కాసేపటికి చూస్తే కుర్చీచేతి మీద వాడి వేళ్ళు మెల్లిగా తాళం వేస్తున్నాయి.

ముక్క అయిపోయింది. ఎవరూ మాట్లాడలేదు.

"వదినా" అన్నాడు మా తమ్ముడు కళ్ళు తెరవకుండానే, "ఆ చెంబు తీసి కింద పెట్టు. ఇంకొకసారి సరిగా విందాం."